తేలికపాటి లినక్స్‌కు రిమోట్ డెస్క్‌టాప్ – 3వ పాఠం: ఎక్స్‌ఆర్‌డీపీ అమరిక

దామలచెరువులోని మా బావగారి మామిడి మండీలో ఉన్న 2 జీబీ ర్యామ్ పాత కంప్యూటర్‌లో మొదటి పాఠంలో జుబుంటు అనే తేలికపాటి లినక్స్‌ను, రెండవ పాఠంలో దూరం నుంచి ఆదేశాలు ఇవ్వడానికి ఎస్‌ఎస్‌హెచ్‌ను అమర్చుకున్నాము. ఎస్‌ఎస్‌హెచ్‌తో ఫైళ్లను సవరించవచ్చు, సర్వీసులను ఆపి మళ్లీ మొదలుపెట్టవచ్చు. అయితే కాటా లెక్కల స్ప్రెడ్‌షీట్‌ను తెరిచి ఏ రైతుకు ఎంత బాకీ ఉందో చూడాలంటే తెర కావలసిందే. తోతాపురి కాయ జోరుగా దిగే రోజుల్లో కంప్యూటరున్న లోపలి గదికి వెళ్లడానికి కాయల రాసుల మధ్య కాలు పెట్టే చోటు ఉండదు కనుక, ముందు వరండాలో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆ తెరను అక్కడికే రప్పించుకోవడం ఈ పాఠం ఉద్దేశం.

ఇందుకు రెండు దారులున్నాయి. ఎక్స్11వీఎన్‌సీ అనే ప్రోగ్రామ్, కంప్యూటర్ ముందు కూర్చున్నవారికి కనిపించే తెరనే మనకూ చూపిస్తుంది. ఎవరికైనా పక్కనుండి నేర్పించాలంటే అదే మేలు. ఎక్స్‌ఆర్‌డీపీ అలా కాదు, మనం లాగిన్ అయినప్పుడు మన కోసం విడిగా కొత్త సెషన్‌ను, అంటే వేరే డెస్క్‌టాప్‌ను, తెరుస్తుంది. పైగా విండోస్‌లో ముందే ఉండే రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్‌తోను, లినక్స్‌లోని రెమీనాతోను దానిని చేరవచ్చు. ఎక్స్11వీఎన్‌సీ వాడే పాత వీఎన్‌సీ పద్ధతిలో పాస్‌వర్డ్‌లోని మొదటి 8 అక్షరాలే లెక్కలోకి వస్తాయి, తెర సమాచారం కూడా ఎన్‌క్రిప్షన్ లేకుండా వెళ్తుంది. డబ్బు లెక్కలున్న చోట నేను ఎక్స్‌ఆర్‌డీపీనే ఎంచుకుంటాను.

ఆదేశాలను ఇక్కడ ఉచ్చారణ ప్రకారం రాస్తున్నాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైపు చేయాలి. ముందుగా 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఎక్స్‌ఆర్‌డీపీ ఎక్స్‌ఓఆర్‌జీఎక్స్‌ఆర్‌డీపీ' అని ఇవ్వండి. రెండవ ప్యాకేజీ లేకపోతే ఎక్స్‌ఆర్‌డీపీకి ఎక్స్‌ఆర్గ్ (లినక్స్‌లో తెరను గీసే ప్రోగ్రామ్) తెర దొరకదు. తర్వాత మీ హోమ్ ఫోల్డర్‌లో 'డాట్ ఎక్స్‌సెషన్' అనే ఫైలును సృష్టించి, అందులో 'ఎక్స్‌ఎఫ్‌సీఈ4-సెషన్' అనే ఒక్క వరుస రాయండి. లాగిన్ తర్వాత ఏ డెస్క్‌టాప్‌ను మొదలుపెట్టాలో చెప్పేది ఈ వరుసే; ఎక్స్‌ఎఫ్‌సీఈ అంటే జుబుంటు డెస్క్‌టాప్. ఎక్స్‌ఆర్‌డీపీ 3389వ పోర్టులో వింటుంది. ఫైర్‌వాల్‌గా యూఎఫ్‌డబ్ల్యూ నడుస్తూ ఉంటే, ఆ పోర్టును లోకానికంతా కాకుండా మీ ఇంటి నెట్‌వర్క్‌కు, అంటే సాధారణంగా 192.168.1.0/24 వంటి పరిధికి మాత్రమే తెరవండి. చివరగా 'హోస్ట్‌నేమ్ -ఐ' అని ఇచ్చి ఐపీ చిరునామాను కాగితం మీద రాసుకోండి. 'ఐ' మాత్రం పెద్ద అక్షరం. ల్యాప్‌టాప్‌లోని రిమోట్ డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌లో ఆ చిరునామా ఇస్తే లాగిన్ పెట్టె రావాలి.

ఇక్కడివరకు పది నిమిషాల పని. ఎక్కువ మంది ఆగిపోయేది దీని తర్వాతనే, నేనూ అక్కడే ఆగాను. లాగిన్ పెట్టె వచ్చింది, పేరు, పాస్‌వర్డ్ తీసుకుంది, తెర నల్లబడింది, రెండు క్షణాలకు కిటికీ తనంతట తానే మూసుకుపోయింది. నెట్‌వర్క్ మీద అనుమానంతో రౌటర్‌ను ఆపి మళ్లీ వేశాను, ప్యాకేజీని తీసివేసి మళ్లీ ఎక్కించాను, ఏమీ మారలేదు. ఒక్క మాట ఆలోచించి ఉంటే సరిపోయేది: లాగిన్ పెట్టె కనిపించిందంటేనే నెట్‌వర్క్ బాగున్నట్టు. తప్పంతా దాని తర్వాతి దశలో, అంటే సెషన్ మొదలయ్యే చోట ఉంది. లోపలి గదిలో బావగారు అదే పేరుతో అప్పటికే లాగిన్ అయి ఉన్నారు. ఒకే యూజరుకు డీ-బస్ అనే సందేశాల వ్యవస్థ రెండు సెషన్లకూ ఉమ్మడిగా ఉండడం వల్ల, ఎక్స్‌ఎఫ్‌సీఈ భాగాలు తాము ముందే నడుస్తున్నామనుకుని రెండవ తెర మీద లేవకుండా ఊరుకుంటాయి.

దీనికి పక్కా పరిష్కారం దూరం నుంచి వాడడానికి 'సుడో యాడ్‌యూజర్'తో వేరే యూజరును సృష్టించి, లెక్కల ఫోల్డర్‌ను ఇద్దరికీ ఉమ్మడి గ్రూపు కిందికి తేవడం. కొత్త యూజరు హోమ్ ఫోల్డర్‌లోనూ డాట్ ఎక్స్‌సెషన్ ఫైలు ఉండాలన్నది మరువకండి. అప్పటికీ నల్లతెర వస్తే వార్ లాగ్ ఫోల్డర్‌లోని ఎక్స్‌ఆర్‌డీపీ-సెస్‌మాన్ లాగ్‌ను, ఆ యూజరు హోమ్‌లోని డాట్ ఎక్స్‌సెషన్-ఎర్రర్స్ ఫైలును చదవండి. ఎక్స్‌ఆర్‌డీపీ సొంత లాగ్‌లో ప్రైవేట్ కీని చదవడానికి అనుమతి లేదని కనిపిస్తే, 'సుడో యాడ్‌యూజర్ ఎక్స్‌ఆర్‌డీపీ ఎస్‌ఎస్‌ఎల్-సర్ట్' అని ఇచ్చి సర్వీసును మళ్లీ మొదలుపెట్టాలి.

ర్యామ్ తక్కువ కనుక ఎక్స్‌ఎఫ్‌సీఈ సెట్టింగుల్లో కంపోజిటర్‌ను (కిటికీలకు నీడలు, పారదర్శకత ఇచ్చే భాగం) ఆపివేయండి, క్లయింట్‌లో, అంటే ల్యాప్‌టాప్‌లోని రిమోట్ డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌లో, రంగుల లోతును 16 బిట్లకు తగ్గించండి. ఆ లోతును మాటిమాటికీ మార్చవద్దు. మామూలు అమరికలో ఎక్స్‌ఆర్‌డీపీ యూజరు పేరుతో పాటు రంగుల లోతు కూడా సరిపోలిన పాత సెషన్‌నే వెతుకుతుంది కాబట్టి, మార్చిన ప్రతిసారీ కొత్త డెస్క్‌టాప్ ఒకటి లేచి ర్యామ్‌ను తినేస్తుంది.

3389వ పోర్టును రౌటర్‌లో బయటి ఇంటర్నెట్‌కు ఎట్టి పరిస్థితిలోనూ తెరవవద్దు. ఆ పోర్టు కోసం ఇంటర్నెట్‌ను జల్లెడ పట్టే ప్రోగ్రాములు రాత్రింబగళ్లు నడుస్తూనే ఉంటాయి. తిరుపతిలోని ఇంటి నుంచి మండీని చేరడానికి ఎస్‌ఎస్‌హెచ్ సొరంగం, వైర్‌గార్డ్ వీపీఎన్ అనే రెండు సురక్షిత మార్గాలను నాలుగవ పాఠంలో చేసి చూద్దాము.

అంతవరకు ఒక అభ్యాసం. ల్యాప్‌టాప్ నుంచి చేరి, స్ప్రెడ్‌షీట్‌లో ఒక గడిని ఎంచుకుని, లాగవుట్ కాకుండా కిటికీని మాత్రం మూసేయండి. ఐదు నిమిషాల తర్వాత అదే రంగుల లోతుతో మళ్లీ చేరండి. అదే గడి ఎంపికై ఉంటే మీ సెషన్ నిలిచి ఉన్నట్టు. పని పూర్తయ్యాక ఈసారి లాగవుట్ చేసి, ఎస్‌ఎస్‌హెచ్ నుంచి 'ఫ్రీ -హెచ్' ఆదేశంతో ర్యామ్ ఎంత ఖాళీ అయిందో చూసి రాసుకోండి.