పంట కాలువతో మొదలయ్యే సాంఘికశాస్త్ర బోధన

గోదావరి డెల్టాలోని ఉన్నత పాఠశాలల్లో నీటిపారుదల పాఠాన్ని పుస్తకంతో కాక, బడికి దగ్గరలోని పంట కాలువతో మొదలుపెట్టడం మేలు. ఆ కాలువ ఎక్కడి నుంచి వస్తుందో, ఏ ఊళ్ల మీదుగా పోతుందో, పొలాల మురుగు ఎటు దిగుతుందో చూపే పటాన్ని ముందుగా విద్యార్థుల చేత గీయించాలి. స్కేలు, దిక్కులు, సూచిక లేని పటాన్ని అంగీకరించకూడదు.

చరిత్రలోకి ఆ తరువాతే వెళ్లాలి. ధవళేశ్వరం ఆనకట్ట ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిందని ఇక్కడి పిల్లల్లో చాలామంది చెప్పగలరు. అడగవలసింది వేరే ఉంది: 1833 నాటి కరువును చూసిన కంపెనీ ప్రభుత్వం ఇంత ఖర్చుకు ఒప్పుకోవడంలో శిస్తు రాబడి మీద ఆశ ఎంత, రాయీ మట్టీ మోసిన కూలీల పేర్లు మనకెందుకు అందలేదు? ఊరూరా కాటన్ విగ్రహాలున్న సీమలో ఇవి కొంత ఇబ్బంది పెట్టే ప్రశ్నలే గానీ, ఆధారాలను తూచి మాట్లాడడం వీటితోనే అలవడుతుంది.

వరదల పాఠానికి ధవళేశ్వరం వద్ద 11.75, 13.75, 17.75 అడుగుల మట్టాలకు జారీ చేసే మూడు ప్రమాద హెచ్చరికలు చాలు. వాటిని వల్లె వేయించడం కాక, 1986 ఆగస్టు వరదను చూసిన పెద్దల మాటలను విద్యార్థులు రాసుకొచ్చి పట్టికగా పేర్చాలి. జ్ఞాపకాలు పొసగనిచోట ఉపాధ్యాయుడు తొందరపడి తీర్పు చెప్పకుండా, ఎవరి ఇల్లు నది మధ్య లంకలో ఉండేది, ఎవరిది ఏటిగట్టుకు ఇవతల అని అడగాలి.

పౌరశాస్త్రానికి కాలువ చివరి భూముల్లోని శివారు రైతుకు నీరందని సమస్యను తీసుకుని, నీటి వినియోగదారుల సంఘానికి అర్జీ రాయించవచ్చు.