కొబ్బరినూనె తలకి ఈఈజీ పెట్టడం

ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల్ని గీతలుగా తీసే పరీక్ష) చెడేది చాలావరకు మెషీన్ దగ్గర కాదు, మాడు దగ్గర. అమలాపురం, రాజోలు వైపు నూనె లేని తల దొరకడం కష్టం. ఎండాకాలం ఉక్కపోత సరేసరి.

అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే విడమరిచి చెప్పండి: ముందురోజు షాంపూతోనో కుంకుడుకాయలతోనో తలంటుకోవాలి, ఆ తర్వాత చుక్క నూనె రాయకూడదు. ఉట్టి "తలస్నానం చేసి రండి" అంటే చేసి, నూనె రాసి, నున్నగా దువ్వుకుని మరీ వస్తారు. జుట్టు పూర్తిగా ఆరాలి. కడుపు మాడ్చుకుని రాకూడదు. షుగర్ పడిపోతే తరంగాలు నెమ్మదిస్తాయి. ఫిట్స్ మాత్రలు డాక్టర్ చెబితే తప్ప మానకూడదు.

ఎలక్ట్రోడ్లు (మాడుకి అతికించే చిన్న లోహపు కప్పులు) ఎక్కడ పెట్టాలో తెలియడానికి ముక్కు మొదట్లో గుంట నుంచి తల వెనక బుడిపె దాకా టేపుతో కొలవండి. 36 సెం.మీ. వచ్చిందనుకోండి: 3.6 దగ్గర మొదటి గుర్తు, అక్కణ్ణుంచి 7.2 చొప్పున మిగతావి. చెవి ముందు గుంట నుంచి అవతలి చెవి ముందు గుంటకి కూడా కొలవండి. రెండు కొలతల నడిమధ్యలూ కలిసేచోటే సీజెడ్, అంటే నడినెత్తి ఎలక్ట్రోడ్ చోటు. కంటి అంచనాతో అతికించేస్తే ఎడమ కుడి దూరాలు తేడా వస్తాయి, తరంగాల ఎత్తు మారుతుంది, లేని జబ్బు ఉన్నట్టు కనపడుతుంది.

జుట్టు పాయ తీసి, స్పిరిట్ దూదితో నూనె తుడిచి, ఆరనివ్వండి. తర్వాత స్కిన్ ప్రెప్ జెల్‌ని ఇయర్‌బడ్‌తో నాలుగైదుసార్లు రుద్దండి. మాడు కాస్త ఎర్రబడితే చాలు. ఎలక్ట్రోడ్‌కి పెట్టే పేస్టు శనగగింజంత. ఇంపెడెన్స్ (ఎలక్ట్రోడ్‌కీ మాడుకీ మధ్య కరెంటుకి అడ్డు) 5 కిలోఓమ్‌ల లోపు, అన్నీ ఇంచుమించు సమానంగా రావాలి. 100 ఓమ్‌ల కంటే తగ్గితే సంబరపడొద్దు: పేస్టో చెమటో రెండు ఎలక్ట్రోడ్లని కలిపేసింది. ఆ రెండిటి మధ్య చానెల్‌లో గీత చదునుగా పడుతుంది.

సెట్టింగులు మామూలే: సెన్సిటివిటీ మిల్లీమీటరుకి 7 మైక్రోవోల్టులు, కింది ఫిల్టర్ (మరీ నెమ్మది తరంగాల్ని తగ్గించేది) 0.5 లేదా 1, పైది (మరీ వేగం వాటిని తగ్గించేది) 70 హెర్ట్జ్. చెమట పడితే గీతలన్నీ తాపీగా పైకీ కిందకీ ఊగుతాయి. వెంటనే కింది ఫిల్టర్ పెంచాలనిపిస్తుంది, పెంచకండి. దాంతో డెల్టా తరంగాలు (మన గోదావరి డెల్టా కాదు, మెదడు నెమ్మది తరంగాలు) కూడా తగ్గిపోతాయి. పేస్టు పెట్టకముందే ఏసీ వేసి గది చల్లబరచండి, నుదురు తుడవండి. ఫ్యాన్ గాలి నేరుగా వైర్ల మీద పడనివ్వొద్దు.

కరెంటు గోల, అంటే 50 హెర్ట్జ్, ఒక్క ఎలక్ట్రోడ్ ఉన్న చానెళ్ళలోనే వస్తే ఆ ఎలక్ట్రోడ్ మళ్ళీ పెట్టండి. అన్నిట్లో వస్తే గ్రౌండ్ ఎలక్ట్రోడ్ గానీ రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ గానీ ఊడి ఉంటుంది. లేదా ప్లగ్గుకి ఎర్త్ లేదు. సముద్రం దగ్గర ఊళ్ళలో ఎర్త్ పైపు ఉప్పునేలకి తుప్పు పడుతుంది, ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. నాచ్ ఫిల్టర్ (50 హెర్ట్జ్‌ని మాత్రమే కోసేసేది) ఆఖరి మాట.

కనీసం 20 నిమిషాలు తీయండి. అందులో 3 నిమిషాలు గట్టిగా ఊపిరి తీసి వదలమనాలి. పిల్లలకైతే కాగితం గాలిపంకా చేతికిచ్చి ఊదమనండి. ఈమధ్య పక్షవాతం, గుండెపోటు వచ్చినవాళ్ళకీ, ఊపిరితిత్తుల జబ్బు ముదిరినవాళ్ళకీ, సికిల్ సెల్ (వంశపారంపర్య రక్తపు జబ్బు) ఉన్నవాళ్ళకీ ఈ ఊపిరి పరీక్ష చేయించకూడదు. మన్యం నుంచి వచ్చినవాళ్ళని సికిల్ సెల్ సంగతి తప్పకుండా అడగండి. తర్వాత లైట్ ముఖానికి 30 సెం.మీ. దూరంలో పెట్టి మినుకుల పరీక్ష (లైట్ మినుకుమినుకుమనిపించడం).

అయిపోగానే పేస్టు ఎండకముందే కప్పులు గోరువెచ్చని నీళ్ళలో మెత్తని బ్రష్‌తో కడగండి. బ్లేడుతో గీకితే పైపూత పోతుంది, రేపటి ఇంపెడెన్స్ కూడా పోతుంది.