భర్త పింఛను భార్యకు మారాలంటే: మరణ ధ్రువపత్రం దగ్గర జాగ్రత్త

పింఛను తీసుకుంటున్న భర్త చనిపోతే, భార్యకు వితంతు పింఛను ఇవ్వడానికి ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు విడిగా ఒక దారి ఉంది. ఎన్టీఆర్ భరోసా పథకంలో దీన్ని స్పౌజ్ కేటగిరీ అంటున్నారు. ఆమెకు నెలకు 4,000 రూపాయలు వస్తాయి. కొత్త పింఛన్లు ఎప్పుడు తెరుస్తారా అని ఏళ్ల తరబడి ఎదురు చూడాల్సిన పని లేదు.

దరఖాస్తు కూడా పెద్ద పనేం కాదు. పల్లెలో అయితే గ్రామ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్ దగ్గరికి, పట్టణంలో అయితే వార్డు సచివాలయంలో సంక్షేమ పనులు చూసే కార్యదర్శి దగ్గరికి వెళ్లాలి. భర్త మరణ ధ్రువపత్రం, భార్య ఆధార్ కార్డు తప్పనిసరి. ఆయన ఆధార్ జిరాక్సు, పింఛను ఐడీ, రైస్ కార్డు, ఆధార్‌కు లింకైన ఫోను కూడా వెంట ఉంటే మళ్లీ తిరగక్కర్లేదు. పింఛను ఇప్పిస్తానని డబ్బులడిగే వాళ్లకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఇందులో ఎవరూ ఇప్పించేదేమీ లేదు.

ఇంత సులువైన పనికి మనుషులు నెలల తరబడి ఎందుకు తిరుగుతున్నారంటే, ఆ మొదటి కాగితం చేతిలో లేక. ఉన్నా అందులో పేరు సరిగ్గా లేక. నేను మా ఊరి డ్వాక్రా సంఘాల పుస్తకాలు రాస్తుంటాను. మీటింగు అయిపోయాక అందరూ లేచి వెళ్తుంటే ఒకరిద్దరు మాత్రం ఆగుతారు, చేతిలో కాగితాల కవరుతో. అందులో ఎక్కువ శాతం ఈ బాధే.

పోయిన ఎండాకాలంలో అలాగే ఒకావిడ ఆగింది. "వదినా, ఆర్డీవో ఆఫీసు నుంచి ఆర్డరు రావాలంట. ఆరు వేలు ఇచ్చాను. ఇంకో మూడు వేలు ఇస్తే గానీ కాదంటున్నాడు ఆ బ్రోకరు" అంది. కవర్లో ఆసుపత్రి బిల్లులు, స్కానింగ్ రిపోర్టులు, అంబులెన్సు రసీదు. అన్నింటికంటే అడుగున, నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితం. మడతల దగ్గర ఇంకు చెరిగిపోయింది. దాని మీద ఆసుపత్రి ముద్ర, చనిపోయిన తేదీ, టైము ఉన్నాయి. ఆయన పోయింది మా ఊళ్లో కాదు, జిల్లా కేంద్రంలోని ఆసుపత్రిలో. ఆవిడేమో ఏడు నెలలుగా మా పంచాయతీ ఆఫీసు చుట్టూ తిరుగుతోంది.

అసలు విషయం ఇక్కడే ఉంది. మరణాన్ని నమోదు చేసేది మనిషి ఎక్కడి వాడని చూసి కాదు, ఎక్కడ చనిపోయాడని చూసి. ఇంట్లో పోతే మీ పంచాయతీలోనో మునిసిపాలిటీలోనో నమోదవుతుంది. పక్క పట్టణంలోని ఆసుపత్రిలో పోతే ఆ పట్టణం మునిసిపాలిటీలో. దహనం ఎక్కడ జరిగింది, ఆధార్‌లో ఏ అడ్రసు ఉంది అన్నదానితో సంబంధం లేదు. దారిలో బండిలోనే ప్రాణం పోతే, ఆ బండి మొదట ఆగిన చోట నమోదు చేయించాలని నిబంధన.

ఆసుపత్రిలో పోతే మీరు వెళ్లి చెప్పాల్సిన పని కూడా లేదు. ఆ మరణం సంగతి రిజిస్ట్రారుకు తెలియజేయాల్సిన బాధ్యత ఆసుపత్రిదే. అంటే చాలామంది విషయంలో నమోదు ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఇంట్లో వాళ్లకే తెలియదు.

బ్రోకర్లకు పని దొరికేది ఇక్కడే. "మీ పంచాయతీలో రికార్డు లేదు, ఏడాది దాటితే ఆర్డీవో ఆర్డరు కావాలి" అంటారు. ఆ మాటలో అబద్ధం లేదు, కానీ అది మీకు వర్తించే మాట కాదు. ఒకసారి ఆసుపత్రి ఉన్న చోట నమోదై, మళ్లీ సొంత ఊళ్లో ఆలస్యపు నమోదు కూడా చేయించారనుకోండి, ఒకే మనిషికి రెండు మరణ నమోదులు అవుతాయి. దాన్ని సరిచేయించుకోవడం అసలు పని కంటే కష్టం. కాబట్టి ఆలస్యపు నమోదుకు సంతకం పెట్టే ముందు, ఆసుపత్రి ఉన్న ఊరి మునిసిపాలిటీలో జనన మరణాల విభాగానికి వెళ్లి, చనిపోయిన తేదీ, ఆసుపత్రి పేరు చెప్పి వెతికించండి. పేరుతో మాత్రమే వెతికితే దొరకకపోవచ్చు. ఆ సంగతి కింద చెబుతాను.

ఆసుపత్రికి తీసుకెళ్లేసరికే పోయారని డాక్టరు చెప్పిన కేసుల్లో మాత్రం కాస్త చూసుకోవాలి. అలాంటప్పుడు ఆసుపత్రి తన లెక్కలో పంపకపోవచ్చు. ఇంటి వాళ్లు ఆసుపత్రి పంపిందనుకుంటారు, ఆసుపత్రి ఇంటి వాళ్లు చెప్పుకుంటారనుకుంటుంది. రెండు రోజులు గడిచాక ఎవరైనా ఒకరు వెళ్లి అడగడం మంచిది.

ఇంట్లో పోయిన వాళ్ల విషయంలో ఇంటి పెద్ద గానీ దగ్గరి బంధువు గానీ 21 రోజుల్లోపు చెప్పాలి. పల్లెలో పంచాయతీ కార్యదర్శికి చెబితే చాలు. పదకొండో రోజు, పన్నెండో రోజు అయ్యాక చూద్దాంలే అనుకున్నా గడువు ఉంటుంది గానీ, ఆ తర్వాత ఇంట్లో ఎవరి దారి వాళ్లది అయిపోతుంది. కొడుకులు హైదరాబాదుకో బెంగళూరుకో బండెక్కే ముందే ఈ ఒక్క పని చేసి వెళ్లమని చెప్పండి. 30 రోజుల వరకు అపరాధ రుసుముతో సరిపోతుంది. అది దాటితే ఏడాది లోపు జిల్లా రిజిస్ట్రారు రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటితేనే మేజిస్ట్రేటు అధికారం ఉన్న రెవెన్యూ అధికారి ఉత్తర్వు. 2023లో జనన మరణాల చట్టాన్ని సవరించాక, నమోదు పూర్తయిన 7 రోజుల్లోపు ధ్రువపత్రం ఉచితంగా ఇవ్వాలని రాశారు. మర్యాదగానే అడగండి, కానీ అడగండి.

ఇక పేరు సంగతి. ఆవిడను వెంటబెట్టుకుని జిల్లా కేంద్రానికి వెళ్లాను. మొదట పేరు చెబితే లేదన్నారు. తేదీ పెట్టి, ఆ ఆసుపత్రి నుంచి వచ్చినవన్నీ చూపించమంటే అప్పుడు దొరికింది. ఆయన ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, తర్వాత "వెంకట" అని ఉంది, ఆ తర్వాత అసలు పేరు. నమోదులో అసలు పేరు ఒక్కటే ఉంది. ఇంటిపేరు లేదు, వెంకట లేదు, వయసు నాలుగేళ్లు తక్కువ. ఎందుకంటే ఆ రాత్రి క్యాజువాల్టీలో పేరు చెప్పింది పక్కింటి అబ్బాయి. ఊళ్లో ఏమని పిలుస్తారో అదే చెప్పాడు. ఓపీ చీటీలో రాసింది కేస్ షీటులోకి వెళ్లింది, కేస్ షీటులోది మరణ నివేదికలోకి, అక్కడి నుంచి మునిసిపాలిటీకి. తప్పని చెప్పడానికి అందులో ఎవరూ లేరు. టెన్షన్‌లో ఉన్నవాళ్లు ఆధార్ వెతుక్కుంటారా?

అందుకే కనీసం ఈ ఒక్కటి గుర్తు పెట్టుకోండి. ఆసుపత్రి నుంచి మనిషిని తీసుకొచ్చే ముందు కాగితాల మీద ఒకరి చేత సంతకం పెట్టిస్తారు. ఆ సంతకం ఏడుస్తున్న భార్య చేత, కొడుకు చేత పెట్టించకుండా, కాస్త నిలకడగా ఉన్న బంధువు ఎవరైనా వెళ్లి, ఆధార్ పక్కన పెట్టుకుని పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, వయసు, అడ్రసు చదవాలి. తేడా ఉంటే అక్కడికక్కడే మార్చమనాలి. ఆ రోజు ఐదు నిమిషాల్లో అయ్యే పని అది.

అప్పటికే నమోదైపోతే కూడా దారి మూసుకుపోలేదు, భయపడకండి. నమోదు చేసిన రిజిస్ట్రారుకు సవరణ కోరుతూ అర్జీ పెట్టాలి. ఆయన ఆధార్, రైస్ కార్డు, పింఛను కాగితం, ఆసుపత్రి నుంచి తెచ్చిన లెటరు జత చేయాలి. పొరపాటు ఏమిటో, నిజం ఏమిటో చెబుతూ విషయం తెలిసిన ఇద్దరు నమ్మకస్తుల చేత వాంగ్మూలం ఇప్పించాలి. రిజిస్ట్రారు పాత రాతను కొట్టేయరు, పక్కన సవరణ రాసి సంతకం చేస్తారు. ఆ తర్వాత వచ్చే కాపీలో సరైన పేరు ఉంటుంది. ఆసుపత్రి లెటరు కోసం మాత్రం ముందు మెడికల్ రికార్డుల విభాగానికి వెళ్లాలి, డాక్టరు గది దగ్గర కూర్చుంటే రోజంతా పోతుంది. ఆవిడకు అంతా కలిపి మూడు ట్రిప్పులు పట్టింది. ఇచ్చిన ఆరు వేలు తిరిగి రాలేదు.

కొందరు ఇంకో తప్పు చేస్తారు. ఆయన పోయిన సంగతి చెబితే పింఛను ఆగిపోతుందని నెలో రెండు నెలలో దాస్తారు. ఆయన పేరున ఆగిపోయేది ఎలాగూ ఆగిపోతుంది, వేలిముద్ర లేకుండా ఎవరూ ఇవ్వరు. ఆమె పేరున రావాల్సింది మాత్రం మీ చేతులారా ఆలస్యం చేసుకున్నట్టవుతుంది.

మంజూరయ్యాక ఒకటో తారీకున సచివాలయం సిబ్బంది ఇంటికే వచ్చి ఇస్తారు. పొలం పనుల వల్ల పెద్దవాళ్ల వేలిముద్రలు అరిగి ఉంటాయి. ఒక వేలు పడకపోతే ఇంకో వేలు, అదీ కాకపోతే ముఖం స్కాన్ చేయమని అడగండి.

మరణ ధ్రువపత్రం చేతికొచ్చాక నాలుగైదు కాపీలు తీయించి పెట్టుకోండి, అది పింఛనుతో అయిపోయే కాగితం కాదు. అదే రోజు ఆయన బ్యాంకు పాస్‌బుక్ తీసి ఎంట్రీలు చూడండి. ఏడాదికి ఒకసారి, ఎక్కువగా మే చివర్లో, 436 రూపాయలు కట్ అయి ఉంటే అది జీవన్ జ్యోతి బీమా. 55 ఏళ్ల లోపు వాళ్లకు ఉంటుంది కాబట్టి వికలాంగ పింఛను తీసుకునే వాళ్ల ఇళ్లలో తప్పకుండా చూడాలి. 20 రూపాయలు కట్ అయి ఉంటే సురక్షా బీమా. ఇది ప్రమాదంలో పోయిన వాళ్లకు, 70 ఏళ్ల వరకు. దీనికి ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం కాగితాలు కూడా కావాలి. రెండింటిలో ఏదైనా నామినీకి వచ్చేది 2 లక్షలు. ఖాతా ఉన్న బ్రాంచికే వెళ్లి క్లెయిమ్ ఫారం అడగండి, 30 రోజుల లోపు వెళ్తే మంచిది. బ్యాంకులో ఖాతా మూసేయమని చెప్పడం మాత్రం ఆ ఎంట్రీలు చూసుకున్న తర్వాతే.