హాజీ ఆట జీవితాన్ని ఒక్క పీరియడ్‌లో పిల్లలకు చెప్పడం ఎలా?

ఈశాన్య రుతుపవనాల వానలకు చిత్తూరు, తిరుపతి ప్రాంతాల బడి మైదానాలు చిత్తడిగా మారినప్పుడు ఆటల పీరియడ్‌ను తరగతి గదిలోనే గడపవలసి వస్తుంది. అటువంటి రోజున చెప్పడానికి రుమేనియా ఫుట్‌బాల్ ఆటగాడు గెయోర్గె హాజీ క్రీడా జీవితం ఎంతో చక్కని అంశం. అయితే పుట్టిన తేదీతో మొదలుపెట్టి క్లబ్బుల పేర్లన్నీ వరుసగా రాయిస్తే పిల్లలకు నోట్సు మిగులుతుందే గాని ఆట కనబడదు. అందుచేత ఒక గోల్‌తో మొదలుపెట్టండి.

1994 ప్రపంచ కప్‌లో జూన్ 18న అమెరికాలోని రోజ్ బౌల్ మైదానంలో రుమేనియా కొలంబియాతో ఆడింది. నల్లబల్ల మీద సగం మైదానం గీసి, ఎడమ అంచు గీత దగ్గర హాజీకి ఒక చుక్క, గోల్ ముందుకు వచ్చి నిలుచున్న గోల్‌కీపర్ కోర్డోబాకు మరొక చుక్క పెట్టండి. అక్కడ బంతి తమ కాలి దగ్గర ఉంటే ఏం చేస్తారో పిల్లలనే అడగండి. చాలామంది క్రాస్ వేస్తామంటారు, అంటే బంతిని అంచు నుంచి గోల్ ముందున్న తోటి ఆటగాళ్లకు పంపుతామంటారు. అప్పుడు హాజీ ఎడమకాలితో ఎత్తి కొట్టిన బంతి కోర్డోబా మీదుగా సాగి అవతలి పై మూలలో దిగిన దారిని వంపుగా గీసి చూపించండి. గోల్‌కీపర్ ఎక్కడ ఉన్నాడో గమనించే అలవాటు ఉన్నవాడికే ఆ దారి కనబడుతుందని అక్కడే చెప్పాలి.

క్రికెట్ చూసి పెరిగిన మన పిల్లలు "ఆయన ఏ స్థానంలో ఆడేవాడు సార్?" అని తప్పక అడుగుతారు. స్ట్రైకర్ల వెనుక నిలిచి, పాసులతో దాడిని నడిపే పదో నంబరు ఆటగాడని, ఆ స్థానంలో ఉంటూనే దేశానికి 35 గోల్స్ చేశాడని చెప్పండి.

ఆ తరువాతే వెనక్కి వెళ్లాలి. 1965లో పుట్టిన హాజీ నల్ల సముద్ర తీరంలోని ఫారుల్ కాన్‌స్టాంట్సా జట్టులో మొదలై, బుకారెస్ట్‌లో స్పోర్టుల్, స్టియావా జట్లకు ఆడి, 1990లో రియల్ మాడ్రిడ్ చేరాడన్నది రెండు వాక్యాల్లో ముగించవచ్చు. కాని ఇటలీలోని బ్రెషా దగ్గర తప్పక ఆగండి. 1993లో ఆ జట్టు రెండో డివిజన్‌కు పడిపోయింది. హాజీ అక్కడే ఉండి మరుసటి సీజన్‌లో దానిని తిరిగి పైకి తెచ్చిన జట్టులో ఆడాడు. అంటే రుమేనియాను 1994 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్ వరకు నడిపించిన కెప్టెన్ దానికి ముందు సీజనంతా రెండో డివిజన్ ఆటగాడే. జిల్లా జట్టుకు ఎంపిక కాలేదని కుంగిపోయిన పిల్లవాడికి ఈ భాగాన్ని నిదానంగా వినిపించాలి. బార్సిలోనాలో గడిపిన రెండేళ్లను క్లుప్తంగా చెబితే చాలు.

ఆ తరువాత టర్కీ జట్టు గలతసరాయ్‌లో ఆడిన దశలో వరుసగా నాలుగు లీగ్ టైటిళ్లు, 2000లో ఇంగ్లండ్ జట్టు ఆర్సెనల్‌పై పెనాల్టీల్లో గెలిచిన యూఈఎఫ్ఏ కప్ (యూరప్ క్లబ్బుల పోటీ) ముఖ్యమైనవి. ఆ ఫైనల్ అదనపు సమయంలో హాజీకి ఎర్ర కార్డు చూపి మైదానం బయటకు పంపారన్న సంగతిని దాచవద్దు. మిగిలిన పదిమంది గోల్ ఇవ్వకుండా నిలబడినందువల్లే పెనాల్టీల వరకు వెళ్లగలిగారు. అభిమాన ఆటగాడి కోపానికి జట్టు ఏ మూల్యం చెల్లించవలసి వస్తుందో పిల్లలు తెలుసుకోవాలి.

2001లో ఆట విరమించడంతో పాఠం ఆపవద్దు. చివరి పది నిమిషాలు కోచ్ హాజీకి కేటాయించండి. 2009లో ఆయన సొంత అకాడమీ పెట్టి, అక్కడి కుర్రవాళ్లతో నడిపిన వియిటోరుల్ జట్టును 2017లో రుమేనియా లీగ్ విజేతగా నిలిపాడు. ఆ జట్టు 2021లో ఫారుల్‌తో కలిసిపోగా, 2023లో ఫారుల్‌కు కూడా కోచ్‌గా అదే టైటిల్ సాధించి పెట్టాడు.