ఒప్పందం చదవడం నేర్చుకుందాం (3వ భాగం): సంతకం, ధ్రువీకరణ, మినహాయింపు

పోయిన భాగం చివర ఒక పని ఇచ్చాను. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక తెరిచి 11వ ఆర్టికల్ చదవండి, అది మన చుట్టుపక్కల ఎవరికి పనికొస్తుందో రాసుకోండి అన్నాను. ఆ ఆర్టికల్ మొత్తం ఒకే వాక్యం: ఒప్పుకున్న బాకీ తీర్చలేకపోయాడన్న ఒక్క కారణంతో ఎవరినీ జైల్లో పెట్టకూడదు. పంట పోయి బ్యాంకు అప్పు కట్టలేని రైతు, చిట్టీ వాయిదాలు ఆగిపోయిన కిరాణా కొట్టు ఆయన అని రాసుకుని ఉంటే సరిగ్గా పట్టుకున్నట్టే. చెక్ బౌన్స్ అని రాసుంటే మాత్రం కొట్టేయండి. మన చట్టంలో అది వేరే నేరం, దాని లెక్క వేరు.

1980లో జాలీ జార్జ్ వర్గీస్, బ్యాంక్ ఆఫ్ కొచ్చిన్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు సరిగ్గా ఈ ప్రశ్నే వచ్చింది. జస్టిస్ కృష్ణయ్యర్ ఈ 11వ ఆర్టికల్‌ను ఎదురుగా పెట్టుకుని మన సివిల్ ప్రొసీజర్ కోడ్ చదివారు. ఉండి ఎగ్గొట్టేవాడు వేరు, లేక కట్టలేనివాడు వేరు, లేనివాణ్ణి జైలుకు పంపితే రాజ్యాంగంలోని 21వ ఆర్టికల్ ఒప్పుకోదు అని తేల్చారు. అదే తీర్పులో ఇంకో మాట ఉంది, దాన్ని అండర్‌లైన్ చేసుకోండి. ఒడంబడికకూ మన చట్టానికీ పొసగకపోతే, చట్టం మార్చేదాకా కోర్టు కట్టుబడాల్సింది మన చట్టానికే. అంటే ఒడంబడికను తీసుకెళ్లి జడ్జిగారి ముందు పెట్టగానే పని అయిపోదు. మన చట్టాన్ని రెండు రకాలుగా చదివే వీలున్నచోట, ఏ రకంగా చదవాలో చెప్పడానికి అది అక్కరకొస్తుంది.

ఇక ఈ భాగం సంగతి. హక్కు కాగితం మీద ఉంది, బాగుంది. ఆ కాగితానికి మన దేశం కట్టుబడిందా? కట్టుబడితే ఎంతవరకు? స్థలం కొనేముందు ఈసీ తీయకుండా అడ్వాన్స్ ఇవ్వం కదా. ఒప్పందాలకూ అలాంటి ఈసీ ఒకటి ఉంది. ఐక్యరాజ్యసమితి ఒప్పందాల వెబ్‌సైట్‌లో 4వ అధ్యాయం మొత్తం మానవ హక్కులదే. ఒక్కో ఒప్పందానికి ఒక పేజీ, అందులో ఒక పట్టిక. దేశం పేరు, పక్కన సంతకం తేదీ, ఆ పక్కన ధ్రువీకరణ తేదీ. ఎవరైనా చూడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

ముందు చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం పేజీ తెరవండి. 1984 డిసెంబర్ 10న తయారైన ఒప్పందం ఇది. ఇండియా వరుసలోకి రండి. సంతకం గడిలో 1997 అక్టోబర్ 14 అని ఉంటుంది. పక్క గడి ఖాళీ. ఇప్పటికి 170కి పైగా దేశాలు ధ్రువీకరించిన ఒప్పందంలో మన గడి అలా ఖాళీగా ఉండటం నాకు ఎప్పుడు చూసినా బాధగానే ఉంటుంది.

సంతకం అంటే అగ్రిమెంట్ రాసుకోవడం. ధ్రువీకరణ అంటే రిజిస్ట్రేషన్. అగ్రిమెంట్ రాసుకున్నంత మాత్రాన భూమి మన పేరు మీదికి రాదు. అలాగని అది ఉత్త కాగితమూ కాదు. సంతకం చేసిన దేశం ఆ ఒప్పందం ప్రయోజనాన్నే దెబ్బతీసే పనులు చేయకూడదన్నది అంతర్జాతీయ నియమం. ఈ తేడా తెలియని రోజుల్లో నేను ఒక కరపత్రంలో ‘చిత్రహింసల ఒప్పందానికి భారత్ కట్టుబడి ఉంది’ అని రాసేశాను. లాకప్‌లో కొడుకును పోగొట్టుకున్న ఒక తండ్రి ఆ కాగితం పట్టుకుని లాయర్ దగ్గరికి వెళ్లాడు. ఆ లాయర్ చూపించిన ఖాళీ గడే నాకు ఈ పాఠం నేర్పింది. అందుకే గట్టిగా చెబుతున్నాను: పట్టిక చూడకుండా ఎవరికీ భరోసా ఇవ్వొద్దు.

ఆ గడి నింపే ప్రయత్నాలు జరక్కపోలేదు. 2010లో లోక్‌సభ చిత్రహింసల నివారణ బిల్లును ఆమోదించింది. రాజ్యసభ దాన్ని సెలెక్ట్ కమిటీకి పంపింది, తర్వాత బిల్లు మురిగిపోయింది. 2017లో లా కమిషన్ తన 273వ నివేదికలో ఒప్పందాన్ని ధ్రువీకరించమనే చెప్పింది. ఇందులో ప్రభుత్వానికే జరుగుతున్న నష్టం కూడా ఉంది. 1995లో పురూలియాలో విమానం నుంచి ఆయుధాలు జారవిడిచిన కేసు గుర్తుందా? అందులో నిందితుణ్ణి మనకు అప్పగించడానికి డెన్మార్క్ కోర్టు 2011లో ఒప్పుకోలేదు. ఇక్కడ చిత్రహింసలు పెట్టే ప్రమాదం ఉందన్నదే అది చెప్పిన కారణం.

ఇప్పుడు పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక పేజీకి రండి. ఇండియా వరుసలో సంతకం గడి ఖాళీ, పక్క గడిలో 1979 ఏప్రిల్ 10. ఇదేంటి, సంతకమే లేకుండా ధ్రువీకరణా అని కంగారు పడొద్దు. తేదీ పక్కన చిన్న ‘ఎ’ అక్షరం కనిపిస్తుంది. సంతకం దశ లేకుండా నేరుగా చేరడం అని దానర్థం. బలంలో ధ్రువీకరణతో సమానం. 1966లో తయారై 1976లో అమల్లోకి వచ్చిన ఒడంబడికలో మనం అలా నేరుగా చేరాం.

చాలామంది ఇక్కడితో పేజీ మూసేస్తారు. అసలు చదవాల్సింది పట్టిక కింద ఉంటుంది. ఒప్పందంలో చేరుతూనే ‘ఫలానా ఆర్టికల్ మాకు ఇంతవరకే’ అని దేశాలు రాసి ఇచ్చే మాటలు అక్కడుంటాయి. ఇంగ్లీషులో వాటిని రిజర్వేషన్లు అంటారు. మనకు ఆ మాట వినగానే సీట్లు, ఉద్యోగాలు గుర్తొస్తాయి కాబట్టి ఈ పాఠాల్లో మినహాయింపు అంటున్నాను. పేరు ‘డిక్లరేషన్’ అని పెట్టినా చూడాల్సింది శీర్షిక కాదు, అది బాధ్యతను తగ్గిస్తోందా లేదా అన్నది. మన దేశం రాసింది ‘డిక్లరేషన్ల’ కిందే ఉంటుంది, చేసే పని మాత్రం మినహాయింపుదే.

9వ ఆర్టికల్‌తో సాధన చేద్దాం. అందులో 5వ పేరా ఏమంటుందంటే, అక్రమ అరెస్టుకో నిర్బంధానికో గురైనవారికి అమలు చేయించుకోగల పరిహార హక్కు ఉంటుంది. ఇప్పుడు కిందికి వెళ్లి ఇండియా పేరు దగ్గర ఆగండి. 9వ ఆర్టికల్ గురించి మనవాళ్లు రెండు మాటలు రాశారు. దీన్ని రాజ్యాంగంలోని 22వ ఆర్టికల్ 3 నుంచి 7 క్లాజులకు లోబడి అమలు చేస్తాం అన్నది మొదటిది. ముందస్తు నిర్బంధం, అంటే నేరం చేస్తారేమోనన్న అనుమానంతో ముందే లోపల పెట్టడం గురించిన క్లాజులవి. రెండోది ఇంకా సూటిగా ఉంటుంది: అక్రమ అరెస్టుకో నిర్బంధానికో గురయ్యామని చెప్పేవారికి ప్రభుత్వం నుంచి రాబట్టుకోగల పరిహార హక్కు భారత న్యాయవ్యవస్థలో లేదు.

పైన ‘హక్కు ఉంది’, కింద ‘మా దగ్గర లేదు’. ఇది చూశాక పుస్తకం మూసేయాలనిపిస్తుంది. మూయకండి.

1987 డిసెంబర్ 1 ఉదయం, ఒరిస్సాలోని సుందర్‌గఢ్ జిల్లాలో పోలీసులు ఒక దొంగతనం కేసు విచారణ అని చెప్పి 22 ఏళ్ల కుర్రాణ్ణి ఇంటి నుంచి తీసుకెళ్లారు. మర్నాడు అతని శవం రైలు పట్టాల మీద దొరికింది. కట్టిన తాడు కొరుక్కుని రాత్రి పారిపోయాడు, రైలు గుద్దింది అన్నారు పోలీసులు. తల్లి నీలబతి బెహెరా నమ్మలేదు. 1988 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం రాసింది. కోర్టు ఆ ఉత్తరాన్నే రాజ్యాంగంలోని 32వ ఆర్టికల్ కింద రిట్ పిటిషన్‌గా తీసుకుంది, జిల్లా జడ్జి చేత విచారణ చేయించింది. ఒంటి మీద దెబ్బలు రైలు తగిలితే పడేవి కావు, లాఠీల్లాంటి వాటితో కొట్టినవి అని డాక్టర్ సాక్ష్యం చెప్పింది. 1993 మార్చి 24న తీర్పు వచ్చింది. ఒరిస్సా ప్రభుత్వం ఆ తల్లికి లక్షా యాభై వేల రూపాయల పరిహారం కట్టాలి.

ఆ తీర్పులో జస్టిస్ జె.ఎస్. వర్మ ఏ ఆర్టికల్‌ను తలుచుకున్నారో తెలుసా? మన ప్రభుత్వం ‘మా దగ్గర లేదు’ అని రాసి ఇచ్చిన ఆ 9వ ఆర్టికల్ 5వ పేరానే. ప్రాథమిక హక్కును కాపాడటంలో పరిహారం కొత్త సంగతేమీ కాదని చెప్పడానికి దాన్ని ఉదహరించారు. దీనికి పునాది 1983లోనే పడింది. బిహార్‌లో నిర్దోషిగా తేలాక కూడా 14 ఏళ్లు జైల్లోనే ఉంచేసిన రుదుల్ షా కేసులో కోర్టు పరిహారం ఇప్పించింది. ఆ తర్వాత 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగానే చెప్పేసింది: తాము ఇచ్చిన తీర్పుల వల్ల ఆ మినహాయింపుకు ఇప్పుడు విలువ లేకుండా పోయింది. పట్టిక కింద ఆ వాక్యం నేటికీ అలాగే ఉంది, ఎవరూ వెనక్కి తీసుకోలేదు. కానీ లాకప్ డెత్ కేసులో పరిహారం అడిగే లాయర్‌ను అది ఆపలేదు.

కాబట్టి మినహాయింపు కనిపించినప్పుడు ఆ తర్వాత మన కోర్టులు ఏమన్నాయో కూడా వెతకాలి. కింద ఇంకొకటి ఉంటుంది, వదలొద్దు: ఒక దేశం పెట్టిన మినహాయింపు మీద మిగతా దేశాలు చెప్పిన అభ్యంతరాలు. మొదటి ఆర్టికల్‌లోని స్వయంనిర్ణయ హక్కు పరాయి పాలనలో ఉన్న ప్రజలకే వర్తిస్తుందని ఇండియా రాస్తే, జర్మనీ, ఫ్రాన్స్, నెదర్లాండ్స్ ఒప్పుకోలేదు. ఎవరి వాదన ఏమిటో తెలుసుకోవడానికి అక్కడికి మించిన చోటు లేదు.

ఇక ఫిర్యాదు దారి. ఈ ఒడంబడికకు ఒక ఐచ్ఛిక ప్రోటోకాల్ ఉంది, అంటే ఇష్టమైన దేశాలు విడిగా చేరే అనుబంధ ఒప్పందం. అందులో చేరిన దేశాల పరిధిలో ఉన్నవాళ్లు ఎవరైనా, అక్కడి కోర్టులన్నీ తిరిగాక, జెనీవాలోని మానవ హక్కుల కమిటీకి నేరుగా ఫిర్యాదు చేసుకోవచ్చు. ఇండియా అందులో చేరలేదు. మనకు మిగిలింది నివేదికల దారి. ప్రభుత్వం నివేదిక ఇస్తుంది, కమిటీ ప్రశ్నిస్తుంది, సంఘాలు తమ నివేదికలు విడిగా పంపొచ్చు. ఆ ప్రశ్నలు 1997 తర్వాత మళ్లీ 2024 జులైలోనే జరిగాయి. ఒక పిల్ల పుట్టి, పెరిగి, లా డిగ్రీ తీసుకునేంత కాలం. ఒక్కో హక్కు అంశాన్ని చూసే ఐరాస నిపుణులకు, అంటే ప్రత్యేక ప్రతినిధులకు రాసే ఉత్తరం మాత్రం వేరు. దానికి ధ్రువీకరణతో పనిలేదు, ఏ దేశం నుంచైనా రాయొచ్చు. అది ఎలా రాయాలో 4వ భాగంలో.

ఇప్పుడు మీ పని. ఇది మన ఇళ్లలోని సంగతే. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్‌ల నుంచి సౌదీకి, కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు వెళ్లినవాళ్ల పాస్‌పోర్ట్ యజమాని లాక్కుని బీరువాలో పెట్టుకోవడం ఎన్నిసార్లు వినలేదు? వలస కార్మికుల ఒప్పందం 1990లో తయారైంది, 2003లో అమల్లోకి వచ్చింది. పాస్‌పోర్ట్ లాంటి కాగితాలను, చట్టం అధికారమిచ్చిన ప్రభుత్వ అధికారి తప్ప వేరెవరూ లాక్కోవడం అక్రమమని దాని 21వ ఆర్టికల్ చెబుతుంది. ఫిలిప్పీన్స్, శ్రీలంక, బంగ్లాదేశ్ అందులో ఉన్నాయి. పనికి పిలిచే గల్ఫ్ దేశం ఒక్కటీ లేదు. మనుషుల్ని పంపే మనమూ లేము.

అయితే దారి మూసుకుపోయిందా? చూద్దాం. నోట్‌బుక్‌లో సౌదీ, కువైట్, ఇండియా అని మూడు వరుసలు గీయండి. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో ఈ మూడింటిలో ఎవరున్నారో, ఎవరు లేరో రాయండి. ఉన్న దేశానికి 12వ ఆర్టికల్ 2వ పేరా వర్తిస్తుంది: ఎవరైనా ఏ దేశాన్నైనా విడిచి వెళ్లొచ్చు. కువైట్ దాని మీద ఏమైనా మినహాయింపు పెట్టిందేమో పట్టిక కింద చూడండి. తర్వాత అంతర్జాతీయ కార్మిక సంస్థ సైట్‌కు వెళ్లండి, ఆ ఒప్పందాల పట్టిక అక్కడ విడిగా ఉంటుంది. వెట్టిచాకిరీ నిషేధించే 29వ నంబర్ ఒప్పందాన్ని ఈ మూడు దేశాలూ ధ్రువీకరించాయి. వెట్టిని గుర్తుపట్టడానికి ఆ సంస్థ చెప్పిన 11 లక్షణాల్లో గుర్తింపు కాగితాలు దగ్గర పెట్టుకోవడం ఒకటి.

మూడు వరుసల్లో తేదీలు నింపి, ఏ దేశానికి ఏ ఆర్టికల్ పనికొస్తుందో ఎదురుగా రాసి ఉంచండి. 4వ భాగంలో ఆ ఉత్తరాన్ని మీ నోట్‌బుక్‌లోని ఈ పేజీతోనే మొదలుపెడతాం.