యూదుల పెళ్లికి కెతుబా ఎంచుకోవడం, రాయించడం ఎలా?

యూదుల పెళ్లిలో వధువుకు ఇచ్చే ఒప్పంద పత్రమే కెతుబా. భార్యకు తిండికీ బట్టకీ దాంపత్య సుఖానికీ లోటు చేయనని, విడాకులైనా తాను చనిపోయినా ఆమెకు ఇంత సొమ్ము ముట్టాలని వరుడు ఇందులో ఒప్పుకుంటాడు. సంప్రదాయ పత్రంలో తొలి పెళ్లి వధువుకు రెండు వందల జూజ్‌లని, వితంతువుకైనా విడాకులు తీసుకున్న స్త్రీకైనా వంద అని ఉంటుంది. జూజ్ పాతకాలపు వెండి నాణెం. ఈజిప్టులో ఎలిఫంటీన్ దీవిలో బయటపడిన యూదుల పెళ్లి ఒప్పందాలు క్రీ.పూ. 5వ శతాబ్దం నాటివి. అవీ అరమాయిక్ అనే ప్రాచీన భాషలోనే ఉన్నాయి, నేటి సంప్రదాయ కెతుబా కూడా అరమాయిక్‌లోనే ఉంటుంది.

న్యూజెర్సీలో ఈ పత్రాలు డిజైన్ చేసి ప్రింట్ వేయడం నా పని. వచ్చేవాళ్లలో ఎక్కువమంది యూదు జంటలే. ఒకరు యూదులు, ఒకరు తెలుగువాళ్లు అయిన జంటలూ వస్తుంటారు. దాదాపు అందరూ ఒకే పొరపాటు చేస్తారు. ముందు బొమ్మ చూసి మనసు పారేసుకుంటారు, డబ్బు కట్టేస్తారు, ఆ తర్వాత రబ్బీకి, అంటే పెళ్లి చేయించే యూదు మతగురువుకి, చూపిస్తారు. ఆయన "ఈ పాఠంతో నేను పెళ్లి చేయించలేను" అంటారు. అప్పుడు మొదలవుతుంది టెన్షన్. కాబట్టి ఈ వరస మార్చకండి.

1. ముందు రబ్బీతో మాట్లాడండి

కెతుబాలో ఏ పాఠం ఉండాలో తేల్చేది పెళ్లి చేయించే రబ్బీ. యూదుల్లో ఆర్థడాక్స్, కన్సర్వేటివ్, రిఫార్మ్ అనే శాఖలున్నాయి, మొదటిది బాగా సంప్రదాయబద్ధం, చివరిది ఉదారం. ఆర్థడాక్స్ రబ్బీ అయితే స్థిరమైన అరమాయిక్ పాఠం తప్ప వేరేది ఒప్పుకోరు. కన్సర్వేటివ్ రబ్బీలు చాలామంది అదే పాఠానికి లీబర్‌మన్ క్లాజ్ చేర్చమంటారు. న్యూయార్క్‌లోని జ్యూయిష్ థియలాజికల్ సెమినరీలో ఆచార్యుడు సాల్ లీబర్‌మన్ 1950లలో రాసిన షరతు అది. రేపు కోర్టులో విడాకులైతే ఇద్దరూ యూదుల ధర్మసభ ముందు హాజరు కావాలని, భర్త మతపరమైన విడాకుల పత్రం ఇవ్వకుండా భార్యను వేలాడదీయకూడదని దాని ఉద్దేశం. ఆ విడాకుల పత్రం లేనిదే ఆమె సంప్రదాయం ప్రకారం మళ్లీ పెళ్లి చేసుకోలేదు. పెళ్లి మాటల్లో విడాకుల ఊసేంటని కొందరు దీన్ని తీసేయమంటారు. తీయించకండి. కెతుబా పుట్టిందే ఆడపిల్లకు రక్షణగా.

రిఫార్మ్ రబ్బీల దగ్గర స్వేచ్ఛ ఎక్కువ. ఇద్దరూ సమానంగా మాట ఇచ్చుకునే పాఠాలు, ఇద్దరు స్త్రీలకో ఇద్దరు పురుషులకో రాసిన పాఠాలు, మతాంతర జంటల పాఠాలు దొరుకుతాయి. తెలుగు కుటుంబాలు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. మీ అబ్బాయో అమ్మాయో యూదు మతంలోకి మారకుండా పెళ్లి చేసుకుంటుంటే ఆర్థడాక్స్, కన్సర్వేటివ్ రబ్బీలు ఆ పెళ్లి చేయించరు. రిఫార్మ్‌లో అది ఆయా రబ్బీ ఇష్టం. మతాంతర పాఠంలో "మోషే, ఇశ్రాయేలుల ధర్మం ప్రకారం" అనే సంప్రదాయ వాక్యం సాధారణంగా ఉండదు, దాని చోట వేరే మాటలు ఉంటాయి. ఇది మీ వైపువాళ్లను చిన్నచూపు చూడటం కాదు. నిజం కాని మాట పత్రంలో రాయకూడదు, అంతే.

రబ్బీ ఒప్పుకున్న పాఠం ఈమెయిల్‌లో తెప్పించుకోండి. ఫోన్లో "ఓకే" అంటే సరిపోదు.

2. బొమ్మ, కాగితం, సైజు

ఇది తేలిక. నూలు గుజ్జుతో చేసిన, యాసిడ్ లేని మందపాటి కాగితం. మెరుపు లేని ఉపరితలం. పదహారు అంగుళాల వెడల్పు, ఇరవై అంగుళాల పొడవు మించకూడదు. పాఠం మధ్యలో, బొమ్మ చుట్టూ ఉండాలి. అక్షరాల వెనక రంగులు పూసిన డిజైన్లు, జంట ఫొటో పెట్టిన డిజైన్లు వద్దు. 17, 18 శతాబ్దాల ఇటలీ కెతుబాలు చూడండి. తోలు మీద పూలు, పక్షులు, రాశిచక్రం, కుటుంబ చిహ్నాలు ఎన్ని గీసినా అక్షరాల జోలికి పోలేదు. కేరళలోని కొచ్చిన్ యూదుల కెతుబాల అలంకరణ కూడా అంచుల్లోనే ఉంటుంది.

తెలుగు-యూదు జంటలు వినాయకుడి బొమ్మో వేంకటేశ్వరస్వామి బొమ్మో పెట్టమని అడుగుతారు. దేవుడి రూపం గీయడం యూదు ధర్మానికి పడదు, రబ్బీ సంతకం చేయరు. దాని బదులు అంచుకు ముగ్గు, మామిడి తోరణం, శ్రీకాళహస్తి కలంకారీ తీగలు పెట్టించండి. ఎంతో బాగుంటాయి, ఎవరినీ నొప్పించవు. హీబ్రూ, ఇంగ్లీష్ పక్కన తెలుగు పాఠం కూడా కావాలంటే మతాంతర కెతుబాలో పెట్టుకోవచ్చు. కానీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు వత్తులు విడిపోతుంటాయి, తెలుగు చదవడం వచ్చినవాళ్లు ప్రూఫ్ చూసి తీరాలి.

ప్రింట్ అయితే పెళ్లికి రెండు నెలల ముందు, చేత్తో రాయించుకుంటే కనీసం నాలుగు నెలల ముందు ఆర్డర్ ఇవ్వండి.

3. పేర్లు, తేదీ, ఊరు: ఇక్కడ ఆగి నిదానంగా చదవండి

కెతుబాలు పాడయ్యేది ఇక్కడే.

పేర్లతో మొదలుపెడదాం. పాస్‌పోర్టులో ఉన్న పేరు కెతుబాలోకి రాదు. హీబ్రూ పేరు, ఫలానా తండ్రి కొడుకు, ఫలానా తండ్రి కూతురు అని రాస్తారు. సమానత్వ పాఠాల్లో తల్లి పేరు కూడా కలుపుతారు. చాలామంది అమెరికన్ యూదులకు తమ హీబ్రూ పేరు సగమే తెలుసు, తండ్రిది అసలు తెలియదు. "డేవిడ్ కదా, దావీద్ అని పెట్టేయండి" అంటారు. అలా పెట్టకూడదు. బార్ మిట్జ్వా (అబ్బాయికి పదమూడేళ్లకు జరిగే వేడుక) సర్టిఫికెట్ వెతకండి, తల్లిదండ్రుల కెతుబా తీయించండి. తండ్రి పోయి ఉంటే ఆయన సమాధి రాయి ఫొటో తెప్పించండి, దాని మీద ఆయన పేరు, ఆయన తండ్రి పేరు హీబ్రూలో ఉంటాయి. రాయి మీద దీవించే రెండు చేతుల గుర్తు ఉంటే ఆ ఇల్లు కోహెన్‌లది, అంటే పూజారి వంశం. నీళ్ల కూజా ఉంటే లేవీయులు, అంటే ఆలయ సేవకుల వంశం. ఈ బిరుదు పేరు పక్కన రావాలి. వరుడు కోహెన్ అని ఇక్కడ తేలితే వెంటనే రబ్బీకి చెప్పండి. కోహెన్ విడాకులు తీసుకున్న స్త్రీనీ, మతం మారిన స్త్రీనీ చేసుకోకూడదని సంప్రదాయ నియమం. ఆ సంభాషణ పెళ్లి పందిట్లో జరగకూడదు.

తాతమ్మల కాలం నుంచి వచ్చిన యిడ్డిష్ (తూర్పు యూరప్ యూదుల భాష) పేర్లను హీబ్రూలోకి మార్చకండి. వాటి స్పెల్లింగ్ వేరు, ఆ అక్షరాలతోనే రాయాలి. యూదు మతంలోకి మారినవాళ్లకు తండ్రి పేరు స్థానంలో అబ్రాహాము అని వస్తుంది. మతం మారని తెలుగువారి పేరును శబ్దం ప్రకారం హీబ్రూ అక్షరాల్లో రాస్తారు. హీబ్రూలో ళ, ణ లేవు, ల, న లతో సరిపెట్టుకోవాలి. అందుకే పేరును ఇంగ్లీష్ అక్షరాల్లో పంపి వదిలేయకుండా, పలికి రికార్డు చేసి పంపండి.

సంప్రదాయ పాఠంలో ఇంకో సున్నితమైన విషయం ఉంది. వధువుది తొలి పెళ్లా, వితంతువా, విడాకులైనవారా అన్నదాన్ని బట్టి పాఠంలో మాట మారుతుంది, సొమ్ము మారుతుంది. ఇది వధువు స్వయంగా, ఒంటరిగా రబ్బీకి చెప్పాల్సిన సంగతి. అత్తగారి ముందు ఫారం నింపేటప్పుడు అడగకండి.

ఇప్పుడు తేదీ. మన పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలైతే, యూదుల రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. ఒక ఉదాహరణ చెబుతాను. 2026 నవంబర్ 1 ఆదివారం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో పెళ్లి అనుకోండి. అది హెష్వాన్ నెల 21, సంవత్సరం 5787. కెతుబాలో "వారంలో మొదటి రోజు" అని అంకెల్లో కాక అక్షరాల్లో రాస్తారు. అదే రోజు తెల్లవారుజామున అమెరికాలో గడియారాలు గంట వెనక్కి వెళ్తాయి. సూర్యుడు సాయంత్రం ఐదు గంటలకు కాస్త ముందే అస్తమిస్తాడు. శుభలేఖలో నాలుగున్నర అని వేశారు, అలంకరణ ఆలస్యమైంది, ఐదూ ముప్పావుకు, పూర్తిగా చీకటి పడ్డాక, సంతకాలు చేశారు. అప్పటికి అది హెష్వాన్ 22, వారంలో రెండో రోజు. పత్రంలో నిన్నటి తేదీ ఉన్నట్టు.

ఒక రోజు తేడానే కదా అనుకోకండి. అసలు రాసిన రోజుకంటే ముందు తేదీ వేసిన అప్పు పత్రాలు చెల్లవని యూదుల ప్రాచీన ధర్మశాస్త్ర గ్రంథం మిష్నాలోనే ఉంది. రాసిన రోజు తర్వాతి తేదీ వేసినవి చెల్లుతాయి. కెతుబా కూడా భర్త ఆస్తి మీద భార్యకు హక్కునిచ్చే పత్రమే, అందుకే రబ్బీలు ఈ విషయంలో గట్టిగా ఉంటారు. పైగా సూర్యుడు అస్తమించాక నక్షత్రాలు కనిపించేదాకా ఉన్న సంధ్యాసమయం ఏ రోజు లెక్కో సందేహమే. కాబట్టి నియమం ఇది: సంతకాలు సూర్యాస్తమయానికి కనీసం గంట ముందు పూర్తవ్వాలి, లేదా పూర్తిగా చీకటి పడ్డాక జరగాలి. ఏదో ఒకటి తేల్చుకుని, సంతకం సమయం, మంటపంలో పెళ్లి సమయం రెండూ రబ్బీకి రాసి పంపి, ఏ తేదీ వేయాలో ఆయన్నే చెప్పమనండి.

ఆన్‌లైన్ షాపుల్లో ఇంగ్లీష్ తేదీ కొడితే హీబ్రూ తేదీ దానంతటదే వచ్చే ఫారాలు నాకు నచ్చకపోవడానికి కారణం ఇదే. చాలా ఫారాలు పెళ్లి ఎన్ని గంటలకని అడగవు. ఇంకో చిక్కు, 5787 అధిక మాసం ఉన్న సంవత్సరం. 2027 మొదట్లో పెళ్లయితే అదార్ నెలలు రెండు ఉంటాయి, మొదటి అదారో రెండో అదారో పత్రంలో స్పష్టంగా రాయాలి. నేను తేదీని పంచాంగంలో చూస్తాను, రబ్బీకి పంపుతాను, ఆయన జవాబు వచ్చేదాకా ప్రింట్ వేయను.

ఊరు అంటే పెళ్లి జరిగే ఊరు. మీరు ఉండే ఊరూ కాదు, సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) ఉన్న ఊరూ కాదు. హాల్ చిరునామా ఏ టౌన్‌షిప్ కిందకు వస్తుందో కనుక్కోండి. పోస్టల్ అడ్రస్‌లో ఒక పేరు, నిజంగా ఉన్నది పక్క ఊళ్లో అయ్యే హాళ్లు న్యూజెర్సీలో చాలా ఉన్నాయి.

చివరగా ప్రూఫ్. వరుడి పేరు సంప్రదాయ పాఠంలో ఒకసారి కాదు, పలుమార్లు వస్తుంది. ప్రతిచోటా అదే స్పెల్లింగ్ ఉందో లేదో వేలు పెట్టి చూడండి. హీబ్రూలో దాలెత్, రేష్ ఒకేలా ఉంటాయి, హే, హెత్ ఒకేలా ఉంటాయి. ఫోన్ తెరమీద తేడా తెలియదు. వాట్సాప్ నుంచి పేరు కాపీ చేసి డిజైన్‌లో అతికిస్తే అక్షరాలు ఎడమ నుంచి కుడికి తిరగబడే ప్రమాదమూ ఉంది. అసలు సైజులో కాగితం మీద ప్రింట్ తీసి రబ్బీ చేతికివ్వండి. ఇంకొక మాట. సంప్రదాయ పాఠం చివర "మేము ఈ ఒప్పందం ఖరారు చేశాం" అనే అర్థం వచ్చే మాటలో కోఫ్ అక్షరం కాలు గీయకుండా వదిలి, సంతకాల వేళ పూర్తి చేసే ఆచారం ఉంది. మీ రబ్బీ అది పాటిస్తారో లేదో ముందే అడగండి. తెలియనివాళ్లు దాన్ని ప్రింటింగ్ తప్పు అనుకుని పెన్నుతో దిద్దేస్తారు.

4. సాక్షులు

ఆర్థడాక్స్ పెళ్లిలో ఇద్దరు సాక్షులూ సబ్బాతు (శనివారపు విశ్రాంతి దినం) పాటించే వయోజన యూదు పురుషులై ఉండాలి. వధూవరులకు గానీ, ఒకరికొకరు గానీ బంధువులు కాకూడదు. వరుడి అన్న, వధువు మేనమామ పనికిరారు. ఉదార శాఖల్లో స్త్రీలూ సాక్షులుగా ఉండొచ్చు. బంధువులను గౌరవించాలంటే ఇంగ్లీష్ పాఠం కింద అదనంగా సంతకం గీతలు పెట్టించండి. సాక్షులు తమ హీబ్రూ పేరు రాసే ముందు వేరే కాగితం మీద ఒకసారి సాధన చేయాలి.

5. పెళ్లి రోజు, ఆ తర్వాత

పిగ్మెంట్ ఇంకు ఉన్న సన్న పెన్నులు రెండు తీసుకెళ్లండి, పిగ్మా మైక్రాన్ లాంటివి. బాల్‌పెన్, జెల్ పెన్ వద్దు. పత్రాన్ని చుట్టకుండా అట్టల మధ్య పెట్టి తీసుకెళ్లాలి, సంతకాలకు ముందు ఫ్రేమ్ చేయించకూడదు. రబ్బీ ఇచ్చిన రుమాలో పెన్నో వరుడు సాక్షుల ఎదుట పైకెత్తి ఒప్పందానికి కట్టుబడతాడు, తర్వాత సాక్షులు సంతకం చేస్తారు. ఉంగరం తొడిగాక, ఏడు దీవెనలకు ముందు, మంటపంలో కెతుబా చదివి వధువుకు ఇస్తారు. పక్కనే వైన్ గ్లాసు ఉంటుంది కనుక పత్రాన్ని పట్టుకునే బాధ్యత ఒక్కరికే అప్పగించండి. రబ్బీ దగ్గర ఖాళీ కెతుబా ఫారం ఒకటి అదనంగా ఉంచమనండి. తేదీ తేడా వచ్చినా, కాగితం తడిసినా అప్పటికప్పుడు రాసుకోవచ్చు.

ఫ్రేమ్‌కు అతినీలలోహిత కిరణాలను ఆపే గ్లాస్, యాసిడ్ లేని అట్ట వాడండి, ఎండ పడే గోడకు పెట్టకండి. ఫ్రేమ్ కట్టించే ముందు మంచి స్కాన్ తీసి పెట్టుకోండి. కెతుబా పోతే భార్యాభర్తలు కలిసి కాపురం చేయకూడదని సంప్రదాయ నియమం. అప్పుడు రబ్బీ దాని బదులు వేరే పత్రం రాయిస్తారు. స్కాన్ ఉంటే పేర్లు, తేదీ మళ్లీ వెతుక్కునే పని తప్పుతుంది.