పాత కారు స్టీరియో వెనక వైర్ల చిక్కు విప్పడం ఎలా?

నల్గొండలో సెకండ్ హ్యాండ్ మారుతి 800 కొన్న వారానికే నాకు టెన్షన్ మొదలైంది. నాలుగు రోజులు బండి తీయకపోతే చాలు, బ్యాటరీ డౌన్. స్టీరియో బయటికి లాగితే వెనక పిచ్చుక గూడే! వైర్లు మెలిపెట్టి పైన టేపు చుట్టారంతే. మన ఎండలకు జిగురు కరిగి టేపు జారిపోయింది, రాగి బయటపడింది. సెట్టు ఎర్ర వైరును, పసుపు వైరును కలిపి నేరుగా బ్యాటరీ సప్లైకి కట్టారు. తాళం తీసినా సెట్టుకు కరెంటు అందుతూనే ఉంది.

ముందు ఫోన్లో ఫొటో తీసుకోండి. తర్వాత బ్యాటరీ మైనస్ టెర్మినల్ ఊడదీయండి. పాత జాయింట్లు కత్తిరించి, నల్లబడిన రాగి పోయి మెరిసేది కనిపించేదాకా వెనక్కి వెళ్లండి.

బయట కొనే సెట్లకు మామూలుగా పసుపు నిత్య సప్లై, ఎరుపు తాళం సప్లై, నలుపు ఎర్త్. స్పీకర్లలో తెలుపు ముందు ఎడమ, బూడిద రంగు ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. నల్ల చార ఉన్నది మైనస్. కారు వైపు రంగులు మాత్రం ఇలాగే ఉండవు. అప్పటికే ఎవరో చెయ్యి పెట్టిన బండిలో రంగును అసలు నమ్మొద్దు, వోల్టులు, కరెంటు కొలిచే మల్టీమీటర్‌నే నమ్మాలి.

కొసలు ఒకదానికొకటి తగలకుండా విడదీసి బ్యాటరీ మళ్లీ కలపండి. మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీలో పెట్టి, నల్ల ప్రోబ్ (మీటర్ వైరు చివరి సూది) బాడీ బోల్టుకు, ఎర్రది ఒక్కో వైరుకు ఆనించండి. తాళం లేకుండానే 12 వోల్టులు చూపే వైరు పసుపుకు, తాళం తిప్పితేనే చూపేది ఎరుపుకు.

స్పీకర్లకు గోడ గడియారం సెల్లు చాలు. బ్యాటరీ మళ్లీ తీసేసి, ఒక జత వైర్లకు సెల్లును క్షణం పాటు తాకించండి. టక్‌మని ఏ తలుపులో మోగితే ఆ స్పీకర్. దాని కోన్ (స్పీకర్ ముందుండే గరాటు లాంటి భాగం) ముందుకు పొంగితే సెల్లు ప్లస్ తగిలిన వైరే ప్లస్. స్పీకర్ వైరుకూ బాడీకీ మధ్య కంటిన్యుటీ రాకూడదు, అంటే మీటర్ వాటిని కలిసినట్టు చూపకూడదు. పాత రోజుల్లో స్పీకర్ మైనస్‌ను బాడీకి కట్టేవాళ్లు. ఇప్పటి సెట్లకు అలా కడితే లోపలి ఆంప్లిఫయర్ పోవచ్చు.

వైర్లు కలిపే ముందే హీట్ ష్రింక్ స్లీవ్ (వేడికి ముడుచుకుని వైరును పట్టేసే గొట్టం) ఎక్కించండి (నేను రెండుసార్లు మర్చిపోయి టంకం ఊడదీశాను). టంకం పెట్టి, స్లీవ్ జాయింట్ మీదికి జరిపి వేడి చేయండి. వీలైతే మధ్యలో కప్లర్ (ఊడదీసి మళ్లీ పెట్టుకునే ప్లగ్గు) వేయండి, ఇంకోసారి సెట్టు మారిస్తే కత్తిరించే పనుండదు. సెట్టుకు రాసిన రేటింగ్ ఫ్యూజే వాడండి. ఫ్యూజు పోయిందని సిగరెట్ పెట్టెలోని వెండి రంగు కాగితం చుట్టే పెద్దమనుషులూ ఉన్నారు. అలా చేస్తే షార్ట్ అయిన రోజున కాలేది ఫ్యూజు కాదు, వైరింగ్.

చివరగా మీటర్‌ను 10 ఆంపియర్లలో పెట్టి, ఎర్ర ప్రోబ్ వైరును కూడా మీటర్‌లోని ఆ సాకెట్‌లోకి మార్చి, బ్యాటరీ మైనస్‌కూ ఊడదీసిన వైరుకూ మధ్య కలపండి. అన్నీ ఆపి, తలుపులు మూసి చూడాలి. ఈ సమయంలో బండి స్టార్ట్ చేయొద్దు, మీటర్ కాలుతుంది. 0.05 ఆంపియర్లు దాటితే ఇంకా ఏదో కరెంటు తాగుతున్నట్టే. నా బండిలో 0.02 దగ్గర ఆగింది.